నలభై ఒక్క రోజుల ఒంటిపూట

అక్టోబరు 29, బుధవారం
చెల్లెలు హేమ బరువు 112. పొట్టలో హెర్నియా. పదిహేను కిలోలు తగ్గితేగాని ఆపరేషన్ కుదరదన్నారు సర్జన్. బరువు తగ్గడానికి వారానికొక ఇంజెక్షన్ ఉందట, ఫిజీషియన్ చేత రాయించుకోమన్నారు. ఫిజీషియన్ లక్ష్మీకాంత్ గారు రాయనన్నారు. అవన్నీ సినిమావాళ్ళకమ్మా, నువ్వు నోరు కట్టుకో చాలు అని నవ్వారు. హేమ కూడా నవ్వింది. ఆటోలో భవానీపురం దాకా ఏడ్చింది.
ఆయన నవ్వుతుంటే నేను ఫైలు సర్దుకుని లేచొచ్చాను.

నవంబరు 2, ఆదివారం
దగ్గు వస్తే పొట్ట పట్టుకుంటోంది. పేగు చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుందని సర్జన్ చెప్పనే చెప్పారు.
డాక్టరు మనసు మారాలని అమ్మవారికి మొక్కి, హేమ చేత భవానీ మాల వేయించాను. ఎర్రచీర, చన్నీళ్ళు, నేల పడక, ఒంటిపూట భోజనం. నేల మీద పడుకుంటే మళ్ళీ లేవలేనక్కా అంది. అమ్మవారు లేపుతుందిలే అన్నాను.

నవంబరు 19
రోజూ నేనే లేపుతున్నాను.

డిసెంబరు 13, శనివారం
ఇరుముడి సమర్పించాం. కొండ మెట్ల మీద మూడుసార్లు కూలబడింది. ఇంటికొచ్చి తూకం చూస్తే 105!

డిసెంబరు 16, మంగళవారం
డాక్టరు గారు చప్పట్లు కొట్టారు. చూశారా, ఇక మందెందుకండీ, ఏడాది పొడుగునా దీక్షలో ఉంచండి అన్నారు. రాయలేదు.
రాయాలని నేను మొక్కాను. రాయకపోవడానికి కారణం నేనే తయారుచేసి తీసుకెళ్ళాను.
 

జనవరి 8, గురువారం
మళ్ళీ 111. రెండు పూటలే, కొలిచి నేనే పెడుతున్నాను. తమ్ముడు దుర్గాప్రసాద్ ఫోన్ చేసి, నీ గారమే పెద్దక్కా, వంటగదికి తాళం వెయ్యి అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

జనవరి 9, శుక్రవారం
తూకం చూసి, నిగ్రహం లేదమ్మా నీకు అన్నాడు డాక్టరు. అన్నారు అని ఇక రాయను.
లేచి నిలబడ్డాను. నలభై ఒక్క రోజులు ఒంటిపూట తిని కొండెక్కిన మనిషండీ ఇది, రేపు ఒక్కరోజు మీరు అలా ఉండి చూడండి అన్నాను. ఇంజెక్షన్ రాయకపోతే, ఎందుకు రాయరో అదైనా కాయితం మీద రాసి సంతకం పెట్టండి, దీని పేగు చిక్కుకున్న రోజు నలుగురికీ చూపిస్తాను అన్నాను. గొంతు పెంచలేదు. అయినా బయట పేషెంట్లు తలుపులోంచి తొంగిచూశారు. ఊరుకో అక్కా అని హేమ కొంగు లాగింది. ఊరుకోలేదు.
కళ్ళజోడు తుడుచుకున్నాడు. టెస్టులు రాశాడు. అవి బాగుంటే ఇంజెక్షన్ ఇస్తాడట. ఈ టెస్టులు అక్టోబరులో రాయకూడదా?

జనవరి 20, మంగళవారం
టెస్టులు బాగానే వచ్చాయి. మొదటి ఇంజెక్షన్. నర్సు చూపించినట్టు తొడకు, నేనే చేశాను. చీమ కుట్టినట్టుందంది.
రోజూ అమ్మవారికి పెట్టే దీపం ఇవాళ పెట్టకుండానే అన్నం తిన్నాను. మారు వడ్డించుకున్నాను.