కురిడీ అటక లాంటి ఆఫీసు

ముక్తేశ్వరం,
గురువారం.

నాన్నగారికి,

మీ నాగసతీష్ నమస్కరించి రాస్తున్నాను. అమ్మ, చెల్లి సాయిదుర్గ, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. మస్కట్‌లో మీరూ కులాసాగా ఉన్నారని మీ రూములో ఉండే సాలమోను గారు సెలవుకొచ్చి చెప్పేరు. క్షేమాలు ఇంతవరకే. ఇక జరిగిన అన్యాయం రాస్తాను, చేసినవారి పేరుతో సహా రాస్తాను.

మన కొబ్బరి రైతుల సొసైటీకి ప్రెసిడెంటు, అమ్మకి సొంత అన్నగారు, మన రాజేంద్రప్రసాద్ మావయ్య. సొసైటీ కొత్త ఆఫీసు ఎలా కట్టాలో వేసవిలో సభ్యులందరూ చేతులెత్తి ఒప్పుకున్నారు. ఆ ప్లానుని మావయ్య సభని అడక్కుండా పక్కన పడేసేరు. సోమవారం పొద్దున్న సైటు దగ్గర లారీ ఆగి అద్దాలు దింపింది. నిలువెత్తు అద్దాలు, ఆకుపచ్చ రంగువి. "ఏరా, గ్రీన్ ఆఫీసు, గ్రీన్ ఆఫీసు అని పీక్కుతిన్నావు గదా, ఇదిగో గ్రీను" అన్నారు మావయ్య నన్ను చూసి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేరు. ఆయన కూడా నవ్వేరు.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు గదా అంటారు. ఫోనులో నేను అరుస్తాను, మీరు "తర్వాత మాట్లాడదాంలే" అని పెట్టేస్తారు. రేపు సాలమోను గారు తిరిగి వెళ్తున్నారు. ఆవకాయ సీసాతో పాటు ఈ ఉత్తరం కూడా ఆయన చేతికిస్తున్నాను. కాగితం మీద అరిచినా మీకు వినపడదు.

ఆయన తెచ్చిన మీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. మోటారు బాగయింది, తోటకి నీళ్ళు పెడుతున్నాను. చెల్లి ఇంటర్ రెండో ఏడు, చదువుతోంది, మీరు పంపిన ఖర్జూరాలన్నీ అదే తినేసింది. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని రాయమంది. తగ్గలేదు. గోడ పట్టుకుని లేస్తోంది.

"గ్రీన్ ఆఫీసంటే ఏంట్రా, నాకర్థమయ్యేలా రాయి" అన్నారు. నా తెలివితక్కువతనం నుంచే మొదలుపెడతాను. అమలాపురంలో కొన్న చిన్న పుస్తకాలూ కరపత్రాలూ చదివేసి నేను మొదట వేసిన బొమ్మలో మందపాటి మట్టి గోడలు, చిన్న చిన్న కిటికీలు ఉన్నాయి. అవి పొడిగాలి ఊళ్ళ కోసం రాసిన పుస్తకాలు. మన దగ్గర గాలే తడిగుడ్డలా ఉంటుందని నాకు తట్టలేదు. సొసైటీ గుమాస్తా ప్రసన్న గారు ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందండి సతీష్ గారూ, కాకపోతే ఈ గదిలో మేమే కాదండి, డబ్బాలో అప్పడాలు కూడా మెత్తబడిపోతాయండి" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాగితం లాక్కుని, సొసైటీ వెనకాల పాత కురిడీ షెడ్డులోకి పోయి కూర్చున్నాను. మే నెల మధ్యాహ్నం. కోపం అలాగే ఉంది గానీ కాసేపటికి చొక్కా మాత్రం ఆరిపోయింది. అప్పుడు తలెత్తి అటక కేసి చూసేను.

ఆ అటక బద్దలు పరిచింది మీరే గదా నాన్నగారూ. మస్కట్ వెళ్ళకముందు, నేను మీ మోకాలంత ఉన్నప్పుడు. కాయలు ఏడాది పాటు ఆ అటక మీద పడుంటే లోపలి నీళ్ళు ఇంకిపోయి కురిడీ అవుతుందని చెప్పి, నన్ను ఎత్తుకుని, ఒక కాయ నా చెవి దగ్గర పెట్టి ఊపేరు. లోపల కొబ్బరి గుండు టకటకమంది. "కాయకి ఊపిరాడాలిరా. కిందనించి గాలి లోపలికి రావాలి, బద్దల సందుల్లోంచి పైకెక్కాలి, పెంకుల కిందనించి పోవాలి. గాలి ఆగిందంటే కాయ కుళ్ళిపోద్ది" అన్నారు.

నేను అడిగిన ఆఫీసు అంతే. ఎత్తు అరుగు, గోడల కిందా పైనా గాలికి దారులు, ఎత్తయిన పెంకుల కప్పు, దానికింద వేడి దిగకుండా కొబ్బరి పీచు పలకలు, దక్షిణానికీ పడమరకీ వెడల్పు వసారాలు, ఉన్న చెట్లు ఉన్నట్టే. పగలు లైటు వెయ్యక్కర్లేదు. అమలాపురంలో ఇంజినీరు కళ్యాణి గారు నా పిచ్చి బొమ్మని సరిచేసి ప్లాను గీసి ఇచ్చేరు. "వానలకి ముందు గాలి స్తంభించిన రోజుల్లో ఉక్కపోస్తుంది, ఫాన్లు తప్పవు. కంప్యూటర్ల గదికి ఒక్క ఏసీ కావాలి" అని ఆవిడ సభలోనే చెప్పేరు. దాచలేదు. అయినా అందరూ చేతులెత్తేరు. కాయకి చేస్తున్న మర్యాద మనిషికి చెయ్యలేమా అని వాళ్ళకి అనిపించింది.

"మావయ్యతో గొడవ పడ్డావటగా, నిజమేనా" అని నిన్న ఫోనులో అడిగేరు. నిజమే. అద్దాలు దిగిన రోజే ఆయన గదిలోకి వెళ్ళి అడిగేను.

"పై రాష్ట్రాలనించి వ్యాపారస్తులొస్తారు. మన ఆఫీసులో కూర్చుని చెమటలు తుడుచుకోమంటావా?" అన్నారు.

"మరి ఆ ఏసీల వేడి ఎక్కడికి పోతుందండి?"

"బయటికి."

"బయట ఎవరున్నారండి?"

గదికో ఏసీ అట. వాటి బయటి పెట్టెలన్నీ వెనక గోడకి. ఆ గోడ పక్కనే గదా వీరాయమ్మా వాళ్ళూ కూర్చుని కాయలు ఏరేది. ఆవిడ నన్ను పిలిచి, "మాకూ పంకాలు పెడతన్నారంటగా బాబూ, వేడిగాలివి!" అని నవ్వింది. పోయినేడు మీరు ఏదో మేడ మీద ఏసీలు బాగుచేసి వచ్చి ఫోనులో అన్నమాట గుర్తొచ్చింది నాకు. "లోపల వాళ్ళు దుప్పటి కప్పుకుంటారు, పైన ఆ పెట్టెల మధ్య మేం ఉడుకుతాం" అన్నారు. మీరు నవ్వుతూనే అన్నారు, ఆవిడలాగే. మన ఊళ్ళో కూడా అదే జరగాలా?

ఇంకా చెప్పాలి. మీరు అటక వేసిన ఆ కురిడీ షెడ్డు పడగొట్టి, అక్కడ జనరేటరు పెడతారట. ఆ మాట విన్నాక నేను బల్ల మీద చెయ్యేసి కొట్టేను. "సభ్యత్వం మీ నాన్నది. నీకిక్కడ మాటే లేదు, బయటికి నడు" అన్నారు మావయ్య. ఆ ఒక్కటీ సబబుగానే అన్నారు. చెయ్యెత్తే హక్కు మీది.

ఇప్పటిదాకా రాసింది ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. మీకు నేను చెప్పనిది ఒకటుంది.

పోయిన నెలలో మావయ్య మనింటికొచ్చేరు. మజ్జిగ తాగి, అమ్మతో నెమ్మదిగా అన్నారు: "బావని ఇంకెన్నాళ్ళు ఆ ఎండలో ఉంచుతామే? ఆఫీసు నిండా ఏసీలు పెడితే చూసుకోడానికి మెకానిక్కు కావాలి గదా. బావ కంటే ఎవరున్నారు? ఈ ఏడాదే వచ్చెయ్యమను." ఆయన కళ్ళల్లో నీళ్ళు నేను చూసేను. పైన అన్యాయం చేసేరని రాసిందీ ఈయన గురించే. రెండూ నిజమే.

మర్నాడు చూస్తే అమ్మ మీ సైకిలు కిందకి దింపి, చక్రాల ఊచలు ఒక్కోటీ తుడుస్తోంది.

"నాన్నగారికి నేను రాస్తాను, నువ్వు చెప్పకు" అని అమ్మ దగ్గర మాట తీసుకున్నాను. రాయలేదు. అన్నీ తెలిసే ఇంటింటికీ తిరిగి ఏసీలొద్దని చెప్పేను. మొన్న గొడవయ్యాక అమ్మ అన్నం పెడుతూ అడిగింది: "నీకు గాలొచ్చే ఆఫీసు కావాలా, ఇంటికొచ్చే నాన్న కావాలా?" నేను కంచం ముందు నుంచి లేచిపోయేను. చెల్లి పుట్టిన ఏడాది వెళ్ళేరు మీరు. అది మిమ్మల్ని సెలవుల్లో తప్ప చూడలేదు. అమ్మ ప్రశ్నకి జవాబు నా పుస్తకాల్లో వెతికేను. లేదు.

నేను అడుగుతున్న ఆఫీసులో మీకు పని ఉంటుందని అబద్ధం రాయను. ఒక్క ఏసీకి మనిషిని పెట్టుకోరు. ఇది గెలిస్తే మీ రాక ఇంకా వెనక్కి పోవచ్చు. నాకు తెలిసే రాస్తున్నాను.

అద్దాలు ఇంకా బిగించలేదు. సభ్యులు కొందరు సంతకాలు పెడితే మళ్ళీ సభ పెట్టడానికి మావయ్య ఒప్పుకున్నారు. దూరాన ఉన్న సభ్యుడు ఫోనులో చెప్పినా లెక్కలోకి తీసుకుంటారా అని ప్రసన్న గారు అందరిముందూ ఆయన్నడిగి, ఆయన చేత "ఆయ్, అలాగే" అనిపించేరు. మీరు అద్దాలకే మొగ్గితే అది తప్పని నేను అనను. ఆ ఎండ కాసింది మీ నెత్తిన. మీ మాట ఏదైనా, అందరికీ వినపడేలా ఫోను నేనే పట్టుకుంటాను. మధ్యలో అరవను.

ఈ ఆదివారం కాదు, పై ఆదివారం. ఉదయం పది గంటలకి, మీరు వేసిన అటక కింద అందరం చేరుతున్నాం. అమ్మ వస్తానంది, వీరాయమ్మా వాళ్ళూ వస్తున్నారు. అక్కడ మీకు ఎనిమిదిన్నర అవుతుంది, పనిలో ఉంటారు. ఆ పెట్టెల హోరుకి దూరంగా, ఎక్కడైనా కాస్త నీడ చూసుకుని నిలబడండి నాన్నగారూ. మన పదింటికి మీరూ రండి.

ఇట్లు,
మీ మాట కోసం చూసే
మీ కొడుకు
నాగసతీష్