బాలప్ప ఎడమ పిడికిలి

అన్నా,

నువ్వు చదవవని తెలిసీ రాస్తున్నాను. నువ్వు గోదాలో పడి లేవకుండా పోయి నేటికి పదేళ్లు.

కుస్తీకి ముందు పహిల్వాన్లిద్దరూ ఒకరి భుజాలకొకరు మట్టి రాయాలి కదా. బాలప్ప నీకు కుడిచేత్తో మాత్రమే రాశాడు. నీ కళ్లలో మట్టి పడ్డాక గానీ వాడి ఎడమ పిడికిలి ఎందుకు మూసి ఉందో మాకు తెలియలేదు. ఆ తరువాత గద్వాల నుంచి అచ్చంపేట దాకా వాడి కుస్తీలకు జనం బండ్లు కట్టుకుని వెళ్లేవారు, వాణ్ని తిట్టడానికే. మోకాలు విరిగాక వాడు కుస్తీ నేర్పే ఉస్తాద్ అయ్యాడు. గోదా పక్కన కర్ర పట్టుకుని కూర్చుని, ఇప్పుడు వేరేవాళ్లను దింపుతున్నాడు.

నిరుడు ఉప్పునుంతలలో మన ఇంటికే వచ్చాడు. వదిన గడప తొక్కనివ్వలేదు.

"నీ మొగుడు నాకంటె బలమున్నోడమ్మా. మంచోడు, గందుకే పోయిండు. నీ కొడుకును గట్ల పోనియ్య," అన్నాడు వాకిట్లోనే నిలబడి.

 వదిన లోపలికి వెళ్లి వాడికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఈ సాయంత్రం బాలప్ప శిష్యుడిగా నీ కొడుకు మొదటి కుస్తీ. అవతలివాడిది కోడేరు. పెళ్లయి నెల కూడా కాలేదట.

పొద్దున వదిన రోట్లో ఎండుమిరపకాయలు దంచుతోంది.

"గింత కారం ఎందుకు వదినా? సుట్టాలొస్తున్నరా?" అన్నాను.

 ఆమె కారాన్ని మెత్తగా జల్లించి, గోదా నుంచి తెప్పించిన ఎర్రమట్టిలో కలిపి, అరచేతిలో పోసుకుని నాకు చూపించింది.

"కారం కనవడ్తుందా?"

కనబడటం లేదనే చెప్పాను, అన్నా.