సంతకం కదలకుండా

1999 మార్చి 3, ఉదయం 10 గంటలు

హుజూర్‌నగర్‌లో డీటీపీ షాపు పెట్టి రెండేళ్లయింది. నేను తెరవలేని ఫైలు ఇంతవరకు రాలేదు. ఈ రోజు వచ్చింది.

మేళ్లచెరువు దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఆఫీసరు లింగస్వామి. ఫ్లాపీ తెచ్చాడు. అందులో ఒకే ఒక్క ఫైలు, పేరు చివర PDF. "జర కరెక్షన్లున్నయి హనీఫమ్మా. చేసిస్తే ఏడాది పొడుగుతా మా ప్రింటింగ్ నీకే" అన్నాడు.

వర్డ్‌లో తెరిస్తే పేజీ నిండా పిచ్చి గుర్తులు. నేను రోజూ పెళ్లిపత్రికలు చేసే పేజ్‌మేకర్ అయితే దాన్ని ముట్టుకోనే లేదు.

మార్చి 4

కంప్యూటర్ పత్రికతో ఇచ్చిన సీడీలో PDF తెరిచే రీడర్ దొరికింది. ఫ్రీ. అరగంటలో ఎక్కింది. ఫైలు తెరుచుకుంది! ఏదో ల్యాబ్ లెటర్‌హెడ్, పేర్ల పట్టిక, కింద డాక్టర్ సంతకం, ముద్ర. చదవకుండానే సంబరపడ్డాను. తర్వాత కర్సర్ పెట్టి ఒక అక్షరం కొట్టాను. ఏమీ కాలేదు. ఇంకోటి కొట్టాను. చూడొచ్చు, ప్రింట్ తీయొచ్చు, అంతే. మార్చడానికి వీల్లేదు.

మొత్తం కొత్తగా టైప్ చేసిస్తానని లింగస్వామికి ఫోన్ చేశాను. ఒప్పుకోలేదు. "డాక్టర్ సాబ్ సంతకం గట్లనే ఉండాలె" అన్నాడు. సంతకం కదలకూడదు, అక్షరాలు మాత్రం మారాలి. నా ఖర్మ.

మార్చి 6

PDF మార్చే సాఫ్ట్‌వేర్ ధర హైదరాబాద్‌కు ఫోన్ చేసి అడిగాను. తప్పు విన్నానేమోనని మళ్లీ చెప్పించుకున్నాను. నా ప్రింటర్ అమ్మినా రాదు.

మార్చి 9

తమ్ముడు ఆజం కోఠిలో కాపీ సీడీ కొనుక్కొచ్చాడు. "ఫికర్ చెయ్యకు ఆపా, అందరూ గిదే వాడుతున్నరు" అన్నాడు. సీరియల్ నంబరు కవరు మీద బాల్‌పెన్‌తో రాసి ఉంది. మధ్యలోది ఒకటో ఏడో తెలియదు. ఏడు పెడితే ఒప్పుకుంది. దాంతోపాటు వైరస్ కూడా వచ్చింది. పెళ్లిపత్రికల ఫోల్డర్ మొత్తం పోయింది, అందులో ఎల్లుండి ఇవ్వాల్సినవి రెండు. ఆజంను నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు శుభ్రంగా అన్నం తిని వెళ్లిపోయాడు.

మార్చి 10

విండోస్ మళ్లీ ఎక్కించాను. రోజంతా.

మార్చి 13

ఇంకో సాఫ్ట్‌వేర్ దొరికింది. ఇది ఫ్రీగా మారుస్తుందట. నిజంగానే మార్చింది. మార్చిన ప్రతి పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు DEMO అని పెద్ద ముద్ర కూడా కొట్టింది. ఇలాంటివి తయారుచేసేవాళ్లను ఒక్కరోజు నా కుర్చీలో కూర్చోబెట్టాలి.

ఇంటికొచ్చినా శాంతి లేదు. మా ముందుగదిలో కిరాయికి ఉండే బక్కయ్య దగ్గు. అతను లింగస్వామి వాళ్ల ఫ్యాక్టరీలోనే, రాళ్లు పగలగొట్టే క్రషర్ దగ్గర పని చేస్తాడు. గోడ ఇవతల నా పళ్లెం కూడా అదురుతుంది.

మార్చి 19, సాయంత్రం 5

పత్రిక చివరి పేజీలో చిన్న ప్రకటన చూసి తెప్పించిన సీడీ కొరియర్‌లో వచ్చింది. నాకు అందే ధర. ఒక లైను చెరిపి ఇంకో లైను రాయడం తప్ప దానికేమీ రాదు. నాకు కావలసిందీ అంతే. మొదట ఫాంట్ కుదరలేదు, అక్షరాలన్నీ డబ్బాలయ్యాయి. నాలుగో ప్రయత్నానికి కుదిరింది. కుర్చీలోంచి లేచి ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

మార్చి 20

లింగస్వామి కరెక్షన్ల కాగితం ఇచ్చాడు. స్పెల్లింగులనుకున్నాను.

ఐదు పేర్లు. ఐదుగురికీ ఫలితం దగ్గర "ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, దుమ్ములో పని మాన్పించాలి" అని ఇంగ్లీషులో ఉంది. అది తీసేసి "నార్మల్" అని పెట్టాలట. మూడో పేరు మా బక్కయ్యది.

పదిహేడు రోజులుగా ఈ ఫైలుతో కుస్తీ పడుతున్నాను. ఏం రాసి ఉందో ఈ రోజే చదివాను.

ఇదేంటని అడిగాను. "పని మాన్పిస్తే పైసలియ్యమని కూసుంటరు. నీకెందుకమ్మా గివన్నీ? నువ్వు అచ్చరాలు మార్చు, సాలు" అన్నాడు. సోమవారం చెప్తానన్నాను.

మార్చి 21, ఆదివారం

బక్కయ్య భార్య జానమ్మ వాకిట్లో బట్టలారేస్తుంటే, పరీక్షలో ఏమని తేలిందని అడిగాను. "ఏం లేదట బిడ్డా. బీడీలు మానెయ్యమన్నరట. గాయిన జన్మల బీడీ ముట్టలే" అంది.

షాపుకు వెళ్లాను. కాదంటే ఏడాది పని పోతుంది. ఊరికే, వస్తుందో లేదో చూద్దామని బక్కయ్య వరుస మార్చాను. "నార్మల్" ఎంత చక్కగా అతికిందంటే, మార్చిన నాకే తేడా తెలియలేదు. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. సేవ్ చేయకుండా మూసేశాను.

మార్చి 22

చేతకాలేదని చెప్పి తప్పించుకుందామనుకున్నాను. కానీ ఇన్ని రోజులు పడ్డ పాట్లు గుర్తొచ్చి ఆ అబద్ధం నోటికి రాలేదు. చేతనవుతుంది, చేయను అన్నాను.

లింగస్వామి ఫ్లాపీ లాక్కున్నాడు. "కోదాడల మస్తుమంది ఉన్నరు చేసెటోళ్లు. నీ షాపు ఎట్ల నడుస్తదో సూస్త" అన్నాడు. అంతకుముందే ఆరు బిల్లుబుక్కుల ఆర్డరు ఇచ్చి ఉన్నాడు, అదీ రద్దు చేశాడు. వెళ్లేటప్పుడు తలుపు దడాలున వేశాడు.

ఫైలు నా కంప్యూటర్‌లోనే ఉంది. ఆ సంగతి అతనికి తట్టలేదు.

మార్చని రిపోర్టు ప్రింట్ తీసి ఇంటికి తీసుకెళ్లాను. బక్కయ్యకు తెలుగులో చెప్పాను. అతను రెండు చేతులతో పట్టుకుని సంతకం వైపే చూశాడు. జానమ్మ ఏడ్చింది. బక్కయ్యకు నా మీద కోపం వస్తుందేమోననుకున్నాను. "మిగిలినోళ్లకు ఎవరు జెప్తరు బిడ్డా?" అని మాత్రం అడిగాడు.

మార్చి 25

షాపు తెరవకముందే మెట్ల మీద ఇరవై ఇద్దరు, ఆ పట్టికలో పేర్లున్న ఫ్యాక్టరీ పనివాళ్లు. బక్కయ్య చెప్పి పంపాడట. ఒక్కొక్కరిని పిలిచి వాళ్ల వరుస చదివాను. చాలామందికి ఏమీ లేదు, నవ్వుకుంటూ పోయారు.

చివరివాడు ఐలేశం. పెళ్లయి నెల కాలేదట. అతని వరుస నాకు ముందే తెలుసు, ఆ ఐదు పేర్లలో ఒకటి. కుర్చీ వేసి, కూర్చోమన్నాను.