గోడ పగులుకు కొత్త గ్రాఫు

ఇంజనీరు గారికి నమస్కారములు. జరిగినది వరుసగా మనవి చేస్తున్నాను.

1. మా బడి నాలుగో తరగతి గది గోడ పగులును మొదట నాలుగు నెలలు నెలకొకసారి కొలిచాను. పక్క స్థలంలో పునాదులు తవ్వడం మొదలయ్యాక నాలుగు వారాలు వారానికొకసారి కొలిచాను.
2. ఆ ఎనిమిది కొలతలనూ సమాన దూరంలో నిలువు పట్టీలుగా గీసి మీకు చూపించాను.
3. "నిదానంగానే పెరుగుతోంది కదయ్యా, సెలవుల్లో చూద్దాంలే" అని మీరు అన్నారు.

పొరపాటు మీది కాదు, నా గ్రాఫుది. నెలకూ వారానికీ ఒకే జాగా ఇచ్చాను, అందుకే పెరుగుదల ఒకే తీరుగా కనిపించింది. ఇప్పుడు రోజుకొక గడి చొప్పున తేదీలు వేసి, చుక్కలను గీతతో కలిపి దీనితో జతపరిచాను. తవ్వకం మొదలైన చోట గీత నిటారుగా లేచింది. నెలకు ఒక మిల్లీమీటరు పెరిగిన పగులు ఇప్పుడు వారానికొక మిల్లీమీటరు పెరుగుతోంది.

ఈ ఉదయం పిల్లలను వసారాలో కూర్చోబెట్టి గదికి తాళం వేశాను. "నువ్వెప్పుడు ఇంజనీరువయ్యావోయ్?" అన్నారు హెడ్మాస్టరు గారు. కాలేదండీ అన్నాను, తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. ఉద్యోగం ఊడుతుందని కూడా హెచ్చరించారు.

దయచేసి మీరే వచ్చి గోడ చూడండి. అంతవరకు ఆ తాళం తీయను.

ఇట్లు,
బడి అటెండరు
ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు