నల్ల బీరు మొక్కు

జులై 3, గురువారం

ఆఫియా ఫోన్ చేసింది. బాత్రూంలో నల్లా తిప్పి మాట్లాడాను. ఈ ఇంట్లో నా ఆఫీసు అదే.

హైదరాబాద్‌లో హోటల్ బేకరీలో పనిచేసిన రోజుల్లో ఆఫియాది నా పక్క టేబుల్. ఒకే ఓవెన్ ముందు ఇద్దరం చెమటలు కక్కాం. ఇప్పుడు వికారాబాద్‌లో, అనంతగిరి కొండ దగ్గర కొత్తగా పెట్టిన రిసార్టులో కిచెన్ మొత్తం ఆమె చేతిలో ఉంది. ఓనరు చాలాకాలం ఐర్లండ్‌లో ఉండి వచ్చాడట. అక్కడి బ్రౌన్ బ్రెడ్ కావాలట. ఈస్ట్ లేకుండా, సోడా వేసి, స్టౌట్ అనే నల్ల బీరు పోసి చేసేది. ఆఫియా నమాజు తప్పని మనిషి, బీరు ముట్టదు. ఆ మాట ఓనరు మొహం మీదే చెప్పి, దానికి వేరే మనిషి ఉంది, పిలుస్తానందట. ఆ మనిషిని నేను.

27 ఆదివారం ఓనరు వస్తాడు. ఒక లోఫ్ చేసి పట్టుకెళ్ళాలి. నచ్చితే ప్రతి ఆదివారం బఫేకి నా బ్రెడ్, నాకు జీతం. మిగతా రోజుల సంగతి తర్వాత చూద్దామన్నాడట.

తాండూరు నుంచి వికారాబాద్‌కు రైల్లో గంట కూడా పట్టదు. నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ పడుతూనే ఉంది.

జులై 4, శుక్రవారం

అన్నం దగ్గర మా ఆయన చంద్రకాంత్‌ను ఊరికే కదిపి చూశాను. ఎవరో ఫ్రెండు రిసార్టులో ఉందట, మనుషులు కావాలట అని. నీకు ఏం తక్కువ చేసినమని అడిగాడు. తన దగ్గర బండలు కొనే పార్టీలు అక్కడికే తాగడానికి వెళ్తారట. పాలిషింగ్ యూనిట్ ఓనరు భార్య అక్కడ ఏప్రాన్ కట్టుకుని కనిపిస్తే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలట. ఇదంతా మెత్తగా, నా కంచంలో పప్పు వడ్డిస్తూ చెప్పాడు. అరిచే మనిషైతే ఎప్పుడో పోట్లాడి గెలిచేదాన్ని. ఈ మెత్తదనంతో ఎలా పోట్లాడాలో నాకింకా తెలియలేదు.

జులై 5

యూనిట్ నుంచి చంద్రకాంత్ ఫోన్. పాలు పొంగుతున్నయ్, చూసుకో అని.

పోయినేడు యూనిట్లో మోటారు పోతే కెమెరాలు కొన్నాడు. ఆఫర్‌లో రెండు ఎక్కువ వచ్చాయి. వేస్ట్ చేయడం ఎందుకని ఒకటి గేటుకు, ఒకటి వంటింటికి బిగించాడు. అతని ఫోన్లో మాటలు కూడా వినిపిస్తాయి. దొంగలు నా పోపుల డబ్బా ఎత్తుకుపోతారని కాబోలు.

స్టవ్ ఆర్పాను. థ్యాంక్స్ కూడా చెప్పాను. ఛీ.

జులై 6, ఆదివారం

అత్తమ్మ పొద్దున్నే తలంటుకుని అనంతగిరి బయల్దేరింది. మొక్కు. ఆమెకు ఎప్పుడూ ఏదో ఒక మొక్కు ఉంటుంది. మోకాళ్ళ నొప్పికి ఒకటి, బోరులో నీళ్ళు పడాలని ఒకటి, కంది రేటు పెరగాలని ఒకటి. మొక్కు అనగానే గేటు తెరుచుకుంటుంది. మామయ్య పేపర్లోంచి తల కూడా ఎత్తడు. ఒక్కతే రైలెక్కి పోయి సాయంత్రానికి వస్తుంది.

ఆమెకున్న తిరుగుడు అదొక్కటే, పాపం. ధారూర్‌లో సొంత అక్క మల్లీశ్వరి ఉంది. పొలం పంచాయితీలో మాటా మాటా పెరిగి, ఆ గడప తొక్కితే ఈ గడప తొక్కొద్దని మామయ్య ఒట్టు పెట్టించాడు. మా పెళ్ళికి కూడా ఆమెను పిలవలేదు.

ప్రసాదమని జామకాయలు తెచ్చింది. అనంతగిరి స్వామి జామకాయలు పంచుతాడని నాకు తెలియదు.

జులై 9, బుధవారం

కేకు చేస్తానని చెప్పి సజ్జ మీది ఓవెన్ దింపించాను. గిర్నీలో గోధుమలు బరకగా పట్టించాను. ఓట్స్, బెల్లం, వెన్న, మజ్జిగ, సోడా. బీరు బదులు కూడా మజ్జిగే. పొంగింది, పగిలింది, అన్నీ అయ్యాయి. కానీ రంగు లేదు. ఆ చేదూ లేదు. మామయ్య ఒక ముక్క నమిలి, ఆస్పత్రిలో ఇచ్చేది గిట్లనే ఉంటదన్నాడు. కరెక్టే అన్నాడు.

స్టౌట్ లేకుండా కాదు. ఈ ఊళ్ళో నేను వైన్స్ ముందు నిలబడితే, ఇల్లు చేరేలోపు ఆ వార్త ఇంట్లో కూర్చుని ఉంటుంది.

జులై 11, శుక్రవారం

నోరు జారింది. కొంప మునిగింది.

చంద్రకాంత్ ఎల్లుండి లోడు పని మీద హైదరాబాద్ వెళ్తానన్నాడు. అక్కడ పెద్ద షాపుల్లో దొరుకుతుంది కదా అని, ఒక నల్ల బీరు పట్టుకురా అనేశాను. ముగ్గురూ నన్నే చూశారు. ఎందుకు అన్నాడు. రొట్టెకని చెబితే ఏ రొట్టె, ఎవరికి, ఎందుకు అని దారం లాగినట్టు అంతా బయటికి వస్తుంది. పోచమ్మకు అన్నాను. సాక పోస్తానని మొక్కుకున్నానన్నాను.

సాక అంటే అందరూ కల్లో బెల్లం నీళ్ళో పోస్తారు, ఈ నల్లదేంది అని మామయ్య అడిగాడు. మా పుట్టింట్ల, కుల్కచర్లలో నల్లదే పోస్తరన్నాను. పోచమ్మ తల్లీ, మాఫ్ చెయ్యి.

అత్తమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏం మొక్కుకున్నవ్ బిడ్డా?"

నేను తల దించుకున్నాను. అంతే చేశాను. ఐదేళ్ళుగా పిల్లల్లేని కోడలు తల దించుకుంటే ఎవరికైనా ఏం అర్థమవుతుంది? అత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. చంద్రకాంత్ అన్నం మధ్యలో లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాడు.

జులై 13, ఆదివారం, రాత్రి

వచ్చింది. కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు బెల్టు పెట్టి తెచ్చాడు. నా చేతికి అందేలోపే అత్తమ్మ సీసాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి గూట్లో పెట్టేసింది. దీపం ముందు నల్లగా మెరుస్తోంది. చూడొచ్చు, ముట్టరాదు.

చుట్టాలందరికీ చెప్పేసింది. సేడం నుంచి ఆమె వదిన ఫోన్ చేసి కన్నడంలో దీవించింది. నాకు సగమే అర్థమైంది, ఆ సగం చాలు. పిల్లలు కావాలో వద్దో నాకే సరిగ్గా తెలియదు. కావాలనిపించిన రోజులున్నాయి. ముందు నేను బయటికి రావాలి, తర్వాత ఎవరినైనా తేవాలి అనిపించిన రోజులు ఇంకా ఎక్కువ. ఇంతవరకు నన్నెవరూ అడగలేదు.

చంద్రకాంత్ పడుకునే ముందు నా చేయి పట్టుకుని, మస్తు ఖుషీగుంది అన్నాడు. ఏడుపొచ్చింది. అది కూడా సంతోషమే అనుకున్నాడు.

జులై 17

సీసా గూట్లో. నేను వంటింట్లో.

జులై 20, ఆదివారం

బోనం ఎత్తుకుని పోచమ్మ దగ్గరికి వెళ్ళాం. అత్తమ్మ మూత తీసింది. నురుగు ఆమె చేతుల మీదుగా కారింది. అమ్మవారి ముందు బండ మీద ధారగా పోస్తుంటే నా పంచప్రాణాలూ ఆ సీసాలోనే ఉన్నాయి. తల్లీ, చాలు, చాలు అని నేను మొక్కుకుంటున్నాను. నా పెదవులు కదలడం చూసి అత్తమ్మ ఇంకాస్త భక్తిగా పోసింది.

సగంలో ఆపింది. మిగిలింది ప్రసాదం, ఇంట్లో తలా కొంచెం తీసుకోవాలి అంది. నేనే చూసుకుంటా అత్తమ్మా, ప్రసాదం రొట్టె చేస్తానన్నాను. తెలివైన కోడలని మెచ్చుకుంది. గుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. బీరులో గ్యాస్ పోతే పోనీ, ఈ రొట్టెకు దాంతో పని లేదు.

జులై 25, శుక్రవారం, మధ్యాహ్నం

చేశాను.

బరక పిండి, ఓట్స్, ఉప్పు, సోడా కలిపి, కరిగిన వెన్నలో బెల్లం వేసి, మజ్జిగ, ఆ మీద నల్ల బీరు. పిండి బుసబుసమంది. పిసకలేదు, గరిటెతో తిప్పి టిన్నులో వేశానంతే. ఇల్లంతా కాలిన బెల్లం వాసన. అడుగున తడితే డొల్లగా మోగింది. పాత ఉద్యోగంలో ఉన్నట్టు చేతులు వాటంతటవే పనిచేశాయి. ఒక్కదాన్నే నవ్వుకున్నాను. యూనిట్ నుంచి ఫోన్ రాలేదు.

ఒకటి రెండు రోజులు ఆగితే ముక్క బాగా తెగుతుంది. తువ్వాలు చుట్టి పెట్టాను. ఎల్లుండి ఇంట్లోంచి ఎలా బయటపడాలో ఇంకా తెలియదు. ముందు రొట్టె ఉంది.

అదే రోజు, సాయంత్రం

రొట్టె లేదు.

శ్రావణ శుక్రవారమని పేరంటాళ్ళు వచ్చారు. నేను స్నానం చేసి వచ్చేసరికి అత్తమ్మ తువ్వాలు విప్పి, ముక్కలు చేసి, తాంబూలంలో పెట్టి పంచేసింది. ప్రసాదం ఎంతమంది తింటే అంత పుణ్యమట, మొక్కు అంత తొందరగా తీరుతుందట. గుమ్మం దగ్గర ఒకామె నమలుతూ, జర చేదుగుంది గానీ మంచిగనే ఉందంది. ప్లేటులో పొడి మిగిలింది.

ఏడుపు ఆపుకోలేకపోయాను. అత్తమ్మ నన్ను పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి లాక్కెళ్ళింది. అక్కడికి కెమెరా అందదు. నల్లా తిప్పింది. అంటే నల్లా సంగతి ఆమెకూ తెలుసు. ఏమైందని అడిగితే మొత్తం చెప్పేశాను. ఆఫియా, రిసార్టు, ఆదివారం, బీరు. ఆ మొక్కు అబద్ధమని కూడా చెప్పాను.

ఆమె మొహంలో రంగు పోయింది. మనవడి కోసం ఊరంతా చెప్పుకున్న మనిషి. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. నల్లా కట్టేసి లోపలికి వెళ్ళింది.

జులై 26, శనివారం

పొద్దున టిఫిన్ దగ్గర అత్తమ్మ కొడుకుతో చెప్పింది, పోచమ్మ కలలోకి వచ్చిందట. సాక తక్కువైందట. ఇంకో సీసా అడిగిందట. అది పోసి చేసిన రొట్టెను రేపే అనంతగిరి స్వామి దగ్గర పెట్టాలట, అత్తా కోడలు ఇద్దరూ పోవాలట.

నా చెవులను నేను నమ్మలేదు. చంద్రకాంత్ మొహం చిన్నబోయింది. హైదరాబాద్‌లో ఆ రోజే రెండు సీసాలు కొన్నాడట. ఒకటి యూనిట్ ఫ్రిజ్‌లో దాచుకున్నాడట, రుచి చూద్దామని. అమ్మవారికి ఎట్ల తెలిసిందమ్మా అంటూ వెళ్ళి తెచ్చాడు.

అత్తమ్మ మూత తీసి, పెరట్లోకి వెళ్ళి, పోచమ్మ గుడి వైపు తిరిగి నేల మీద కొంచెం పోసింది. మిగతాది నా చేతికిచ్చింది. రొట్టె కిందటిసారి కంటే బాగా వచ్చింది. చల్లారేదాకా ఆమె దాని పక్కనే పీట వేసుకుని కూర్చుంది, ఎవరూ ముట్టకుండా.

నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు.

జులై 27, ఆదివారం, రాత్రి

మామయ్య పేపర్లోంచి తల ఎత్తలేదు. గేటు తెరుచుకుంది.

రైలు రుక్మాపూర్ దాటాక అత్తమ్మ నోరు విప్పింది.

"మొక్కు అంటేనే మనింట్ల గేటు తెరుస్తరు. నేను గది ఎన్నడో నేర్చుకున్న. నువ్వు పిల్లల పేరు తీస్తివి, నాకు మస్తు బాధైంది. అయినా ఏం చేస్తవ్, నీకు గదొక్కటే దొరికింది."

తర్వాత కొంగు సర్దుకుని లేచి, ధారూర్‌లో దిగుతానంది. సాయంత్రం బండికి ఇదే బోగీలో కూర్చొమ్మంది. నాకు అప్పుడు వెలిగింది. మోకాళ్ళ నొప్పి, బోరు నీళ్ళు, కంది రేటు. అన్నీ ధారూర్‌లోనే దిగిపోయాయి.

తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"మా అక్కకు జర ఒక ముక్క ఇయ్యవా?"

రొట్టె నిండుగా ఉండాలి, ఓనరు ముందు కోయాలి. చాకు కూడా లేదు. రెండు చేతులతో పట్టుకుని విరిచాను. అడ్డదిడ్డంగా విరిగింది. పెద్ద సగం ఆమెకే వచ్చింది, అదే ఇచ్చాను. ప్లాట్‌ఫాం మీద అచ్చం అత్తమ్మ పోలికలే ఉన్న ముసలామె సంచితో నిలబడి ఉంది. సంచిలో జామకాయలు. అత్తమ్మ రొట్టె తుంచి ఆమె నోట్లో పెట్టింది. రైలు కదిలింది.

రిసార్టులో ఓనరు విరిగిన రొట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. మిగతాది ఏదని అడిగాడు. పోచమ్మకు పోయిందన్నాను. ఆఫియా దగ్గు వచ్చినట్టు అటు తిరిగింది. ఆయన వెన్న రాసుకుని తిన్నాడు, ఇంకో ముక్క తీసుకున్నాడు. వచ్చే ఆదివారం నుంచి రమ్మన్నాడు.

సాయంత్రం ధారూర్‌లో అత్తమ్మ ఎక్కింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంటికొచ్చాక అందరికీ ప్రసాదమని జామకాయలు పంచాం.

ఆగస్టు 1, శుక్రవారం

చంద్రకాంత్ యూనిట్ నుంచి ఫోన్ చేశాడు. వంటింట్లో పిండి జల్లిస్తూ స్పీకర్లో పెట్టాను. అత్తమ్మ చెప్పిన ఆదివారాల మొక్కు ఇంకా ఎన్ని వారాలని అడిగాడు.

"దీని కడుపు పండేదాక" అంది అత్తమ్మ, కందిపప్పులో రాళ్ళు ఏరుతూ. నా వైపు చూడలేదు.

అంటే పండిన రోజున గేటు మూస్తారు. ఇద్దరికీ.

జల్లెడ ఎందుకు ఆపినవని ఫోన్లోంచి అడిగాడు. మళ్ళీ జల్లించడం మొదలుపెట్టాను.