పసుపు పడిన మీటలు

1987 సెప్టెంబరు 27, ఆదివారం
వచ్చేసింది. మిల్లు వాళ్ళు మూలన పడేసిన పాత కంప్యూటరు — బీరువా అంత పెట్టె, ఒక తెర, ఒక కీబోర్డు. తోపుడు బండి మీద తెచ్చి ముందు గదిలో దించాం. మంచం వసారాలోకి పోయింది. అమ్మ గడప దగ్గరే నిలబడి, "పాత ఇనుమోడు గూడా తీసుకోడు రా దీన్ని" అంది. లోపలికి రాలేదు.

మేనేజరు మాట ఒక్కటే. ఇది పనిచేయించి చూపిస్తే మిల్లులో కొత్త కంప్యూటరు మీద నన్ను పెట్టుకుంటాడు. రేపు కాదు, పై సోమవారం ఇంటికొచ్చి చూస్తాడట. ఆదోనిలో నా షాపుకొచ్చి రేడియోలు బాగుచేయించుకునే వాళ్ళు తగ్గిపోయారు. ఈ ఉద్యోగం రావాలి.

సెప్టెంబరు 29
పలికింది! తెర మీద పచ్చటి అక్షరాలు.

నా భార్య వనజ ఎమ్మిగనూరు టైపు క్లాసుల నుంచి వచ్చి, భుజాన బ్యాగు దించకుండానే కూర్చుంది. గట్టి మీటలు, నొక్కితే టకటక. "మా టైపు మిషన్ల కన్నా ఇదే మేలప్పా. నొక్కినట్టు యేలికి తెలుస్తాంది." తను కొడుతుంటే వింటూ కూర్చున్నాను. కడుపు నిండినట్టుంది.

అమ్మ ఇంకా ఆ గది తొక్కలేదు.

అక్టోబరు 1
ఆయుధ పూజ. షాపులో కొబ్బరికాయ కొట్టి ఇంటికొచ్చేసరికి — కత్తిపీటకు బొట్లు, రోకలికి బొట్లు, సైకిలుకు బొట్లు... కీబోర్డుకూ. మీట మీటకూ పసుపు కుంకుమ. పైనుంచి మామిడాకుతో నీళ్ళు.

"నాకు దాని మీద కోపముంటే మాత్రం, పండగ పూట దాన్నొక్కదాన్ని ఎట్ల ఇడిసిపెట్టేది రా?" అమ్మ నవ్వుతోంది. ఆ గదిలో నిలబడి.

ఆన్ చేశాను. ఒకే అక్షరం తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుగు. ఆపేశాను. అమ్మకు చెప్పలేదు. ఎట్లా చెప్పను?

అక్టోబరు 2
మీటలన్నీ ఊడదీశాను. లోపల కుంకుమ బురద. స్పిరిటు, దూది. దూది ఉండ సందుల్లోకి పోదు.

అమ్మకు తెలియనీయొద్దన్నాను. "తెలిస్తే ఇంక ఆ గదిలోకి రాదు" అంది వనజ. సోమవారం దగ్గరికొచ్చేసింది.

అక్టోబరు 3
దొరికిపోయాం. నేల మీద పసుపంటిన దూది ఉండలు. అమ్మ ఒకటి తీసి వాసన చూసింది.

"నేను పెట్టిందే గదరా ఇది."

అమ్మ లోపలికి పోయింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. దీపం వత్తుల దూది పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. తొడ మీద సన్నగా నులిమి ఒక్కో వత్తీ అందించింది. "ఇది పోతాది సూడు సందులోకి."

పోయింది. వనజ మీటలు కడిగి, చేటలో వడియాల్లాగా ఎండబెట్టింది.

అక్టోబరు 4
బిగించాం. ఏ మీటకు ఆ అక్షరమే. అబ్బ... గుండెల మీది బండ దిగింది. "బాగయిందా?" అంది అమ్మ, నా భుజం మీదుగా తొంగి చూస్తూ. బాగయిందమ్మా. ఈ రోజు తిన్న అన్నం ఒంటికి పట్టింది.

అక్టోబరు 5
మేనేజరు వచ్చాడు. వనజ కొట్టింది, మిషను చెప్పినట్టు విన్నది. బాగుందనడు, బాగాలేదనడు. వంగి చూసి — "మీటల అంచున ఈ పసుపేంటి?"

వసారాలోంచి అమ్మే అందుకుంది. "నేను పెట్టినానప్పా. పండగ గదా. మీ కొత్తదానికి పెట్టినారా లేదా?"

అది ఏసీ గదిలో తాళం వేసి ఉంటుందని ఏదో గొణిగాడు. పెట్టలేదన్నమాట. "చెప్పి పంపిస్తా" అని పోయాడు.

అక్టోబరు 6
కబురు లేదు. అయినా ఎందుకో భయం లేదు. వనజ టకటక, వసారాలో మంచం మీద అమ్మ కునుకు.

అక్టోబరు 8
మిల్లు నుంచి మనిషి. కొత్త మిషను మొరాయిస్తోందట. రేపు శుక్రవారం దానికి పూజ. "అవ్వను పిలుచుకొని రమ్మన్నాడు సారు."

మరి నన్ను?

"నువ్వూ రా అన్నా, అవ్వకు తోడుగా." ఉద్యోగం మాట అడిగితే తనకు తెలీదన్నాడు.

అమ్మ అప్పుడే పసుపు పొట్లం కడుతోంది. నీళ్ళు మాత్రం చల్లొద్దమ్మా అన్నాను. "నాకు సెప్పేటోడు ఒగడు వచ్చినాడు" అంది.

వత్తుల దూది కూడా సంచిలో వేసుకోమన్నాను. స్పిరిటు సీసా నేను పెట్టుకున్నాను.