ఉండనీ

14 నవంబరు, బుధవారం
ఉదయం పదిన్నర

కంపోజిటర్ గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాసి ఆ తర్వాత సంగతుల్లోకి దిగడం మన తరం వాళ్ల అలవాటు. ఇక్కడ కుశలం లేదు. అక్కడి కుశలం నేను అడగను. కాబట్టి ఆ మాటలో చివరి ముక్క 'ఉపరి' ఒక్కటే మనిద్దరికీ మిగిలింది.

రెండు వీధుల అవతల ఉన్న మనిషికి తపాలా బిళ్ల అంటించి ఉత్తరం రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఎదురుగా కూర్చుంటే మీరు నా ముఖం చూసి మాట మారుస్తారు. కాగితం మీద పడిన మాట మారదు. బావా అని మొదలుపెడదామంటే కలం కదల్లేదు. నలభై ఏళ్లకు పైగా నువ్వు అని పిలిచిన మనిషిని మీరు అనడం పంటి కింద రాయిలా ఉంది. ఎంతవరకు నిలబెట్టుకోగలనో చూద్దాం.

నేను అనుమానం మనిషినని ప్రెస్సులో అందరూ అనేవారు. కాదని నేనెప్పుడూ అనలేదు. నాకు జీతం ఇచ్చిందే అనుమానించడానికి. తెల్లకాగితం మీద నల్లగా కనిపించిన ప్రతి అక్షరాన్నీ దొంగను చూసినట్టు చూడడమే ప్రూఫురీడరు పని. 'అర్థం' అన్న మాటకి పొట్టలో చుక్క ఉందా లేదా అని చూడాలి. ఉంటే భావం, లేకపోతే సగం. ఆ చుక్క మీద, అక్షరాలు పేర్చడానికి కొత్తగా వచ్చిన కంపోజిటర్లకి నేను ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో మీకు గుర్తుండే ఉంటుంది. మీరు వెనక నిలబడి పెదవులు బిగబట్టి నవ్వేవారు.

ఇక అసలు విషయం. మా కోడలు మందుల షాపు నుంచి ఇంటికి వస్తుంటే మీరు దారిలో ఆపారట. మీ అత్తయ్యది నీలం అట్ట నోటుబుక్కు ఒకటి ఉండాలమ్మా, మీ మామయ్య కంట పడకముందే నాకు తెచ్చిపెట్టు అన్నారట. మా కోడలి కడుపులో మాట దాగదని తెలిసి కూడా మీరు పప్పులో కాలేశారు. అది గుమ్మంలోకి వస్తూనే, మామయ్యా, మీ కంట పడకూడని నోటుబుక్కు ఎక్కడుంది అని నన్నే అడిగింది.

కుట్టుమిషను సొరుగులో, బొత్తాల డబ్బా కింద దొరికింది. చదివాను.

అందులో అన్నీ గురువారాలే. ఆరేళ్ల గురువారాలు. ప్రతి తేదీ పక్కనా ఒక అంకె. మూడు, ఐదు, రెండు, ఒకచోట ఏకంగా పన్నెండు. ఎక్కడా వివరం లేదు. అక్కడక్కడ మాత్రం ఒకటి రెండు వాక్యాలు. ఉన్నవి ఉన్నట్టు దించుతున్నాను. "అన్నయ్య ఆలస్యంగా వచ్చాడు. గాభరా పడ్డాను." ఇంకోచోట, "ఇవాళ ఎక్కువ. భయం వేసింది." ఇంకోచోట, "ఇక మానేద్దామన్నాడు అన్నయ్య. నేనే ఉండనీ అన్నాను." ఆ కింద, "ఆయనకి తెలిస్తే బతకలేరు."

అంటే గురువారం గురువారం అన్నాచెల్లెళ్లు మీరిద్దరూ నాకు తెలియకుండా ఏదో నడిపారన్నమాట. మీకేమని అర్ధం అవుతోంది? నా స్థానంలో ఉంటే మీరేమనుకుంటారు? నేనేమనుకున్నానో ఆ మాట ఇక్కడ రాయను. రాస్తే అచ్చయిపోయినట్టే. నలభై ఒక్క ఏళ్లు నాతో కాపురం చేసిన మనిషి గురించి ఆ మాట అచ్చు వేయడానికి ఇంకా చేతులు రావడం లేదు.

కానీ ఒక్కొక్కటిగా గుర్తొస్తున్నాయి. ఒకసారి జ్వరం వచ్చి గురువారం మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. తొట్టిలో రెండు టీ గ్లాసులున్నాయి. గదిలో కిరసనాయిలు వాసన. మన ప్రెస్సులో అచ్చు అక్షరాలు కడిగే చేతులకి తప్ప ఆ వాసన ఎవరికి వస్తుంది? నీ చెల్లెలి బొటనవేలికి సిరా. అడిగితే, పేపరు చదివాను, అంటుకుంది అంది. తెల్లవారుజామున వచ్చిన పేపరు సిరా మధ్యాహ్నం రెండింటికి అంటుకుంటుందా? అప్పుడు ఒళ్లు కాలిపోతోంది కాబట్టి ఊరుకున్నాను. ఊరుకున్నానే గాని మరిచిపోలేదు.

నేను రిటైరైన రోజు సంగతి చూడు. యజమాని అందరి ముందూ లేచి, ఈయన చేతి కింద ఈ ఆరేళ్లలో ఒక్క పుస్తకానికీ తప్పొప్పుల పట్టిక వేయాల్సిన పని పడలేదు, వయసు వచ్చేకొద్దీ మనిషికి పదును పెరగడం నేను ఈయనలోనే చూశాను అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు కొట్టలేదు. నువ్వు మీ చెల్లెలి వంక చూశావు. ఆవిడ తల దించుకుంది. మొగుణ్ణి మెచ్చుకుంటుంటే ఏ ఆడమనిషైనా తల దించుకుంటుందా? అప్పుడు సిగ్గు అనుకున్నాను. ఇప్పుడూ సిగ్గే అనుకుంటున్నాను, అయితే వేరే రకం సిగ్గు.

చూశావా, మీరు కాస్తా నువ్వు అయిపోయింది. ఇక దిద్దను.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. పెళ్లయిన కొత్తలో నేను ప్రూఫులు ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. నీ చెల్లెలు మూలప్రతి పట్టుకుని పైకి చదివేది, నేను అచ్చు చూస్తూ దిద్దుకునేవాణ్ణి. కామా, ఫుల్‌స్టాపు, కొత్త పేరా అన్నీ నోటితో పలికేది. అలా వందల పుస్తకాలు చదివాం. ఒక చిన్న గది, ఒక బల్ల, దాని గొంతు. తర్వాత తర్వాత మేం పోట్లాడుకున్నప్పుడు కూడా కాసేపు అరిచి, సరే, కొత్త పేరా అనేది. అక్కడితో ఆ గొడవ ఆగిపోవాలన్నమాట. నేను పొరపాటున ఏదైనా మంచి మాట కొట్టేస్తే, ఉండనీ అనేది. అప్పుడు కొట్టేసిన మాట కింద చుక్కలు పెట్టి పక్కన 'ఉండనీ' అని రాసేవాణ్ణి. కొట్టేసినా తీసెయ్యొద్దు, ఉంచు అని ఆ గుర్తుకి అర్ధం. అది మా ఇంట్లో పుట్టిన మాట. ఆ మాట నీతో కూడా అన్నదని ఆ నోటుబుక్కులో చూసినప్పుడు, మిగతా అన్నిటికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

పోయేముందు వారం ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని, మీకొక సంగతి చెప్పాలి అంది. చెప్పు అన్నాను. చాలాసేపు నా ముఖంలోకి చూసింది. చూసి, ఉండనీలెండి అంది. ఐదు నెలలుగా ఆ ఉండనీ నా చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఏమిటది? చెప్పకుండా వెళ్లిపోవడానికి అంత పెద్దది ఏముంటుంది?

ఇవన్నీ ఇలా ఉంటే, ఇంట్లో ఎవరూ నమ్మదగినట్టు లేరు. బల్బులు తెచ్చే కొట్టువాడు గుడ్డివెలుగు బల్బులు అంటగడుతున్నాడు. పేపరువాళ్లు సిరాలో నీళ్లు కలుపుతున్నారేమో, ఒక్క అక్షరమూ గట్టిగా పడటం లేదు. నీ చెల్లెలు ఉన్నంతకాలం కళ్ల డాక్టరు దగ్గరికి పదండి పదండి అని ప్రాణం తీసింది. కళ్లద్దాల షాపువాడితో లాలూచీ అని నేను వెళ్లలేదు. ఆ నోటుబుక్కు చివరి పేజీలో కూడా పెన్సిలుతో ఏదో రాసి ఉంది. మాసిపోయింది, ఎంత వెలుగులో పెట్టినా చదవడానికి రాలేదు. కావాలనే చెరిపేసి ఉంటుంది.

నాకు కావలసింది ఒక్కటే. ఆవిడ పోయిన రోజు నేను ఏడవలేదు. తర్వాత ఏడుద్దామనుకున్నాను. మన ఇళ్లలో మగాళ్లకి అలా వాయిదా వేసుకునే సౌకర్యం ఉంది. ఈలోగా నీ కబురు వచ్చింది, నోటుబుక్కు దొరికింది. ఇప్పుడు ఏడుపు గొంతుదాకా వస్తుంది, వెంటనే ఎవరి కోసం ఏడుస్తున్నావు, ఆవిడ ఎవరో నీకు తెలుసా అని లోపలి నుంచి ఎవరో అడుగుతారు. ఆగిపోతుంది. ఆ గురువారాలు ఏమిటో చెప్పు. నిజం ఎంత చేదైనా సరే. నీళ్లు నమలకుండా రాయి. రాయకపోతే నాకు అర్ధం అయిందే నిజమనుకుంటాను.

ఇట్లు,
జవాబు కోసం గుమ్మం వైపు చూస్తూ,
ప్రూఫురీడరు

తా.క.
గురువారం, మధ్యాహ్నం

బావా,

పై ఉత్తరం నిన్ననే కవరులో పెట్టాను గాని అంటించలేదు. ఆ చివరి పేజీ మింగుడు పడలేదు. నేరం మోపేముందు సాక్ష్యం మొత్తం చదవాలి కదా. ఇవాళ కోడలికి సెలవు. డాక్టర్ల గిలుకుడు చదివి మందులిచ్చే మనిషి, చెరిపేసిన రాతైనా చదవగలదని పిలిచాను. ముందు పేజీలు కనిపించకుండా అట్ట వెనక్కి మడిచి, ఇక్కడ మాసిపోయిన చోట ఏమైనా తెలుస్తోందా చూడమన్నాను. అది చూసి, మాసిపోలేదు మామయ్యా, బాగానే ఉంది కదా అంది. కిటికీ దగ్గరికి కూడా వెళ్లలేదు. నిలబడ్డచోటే గడగడా చదివేసింది.

"ఇవాళ్టితో అయిపోయింది. ఈ ఆరేళ్లలో ఆయన కళ్లకి ఆనకుండా పోయినవి పదిహేను వందల పైన. ఆయన సంతకం పెట్టిన ప్రతి ప్రూఫూ అన్నయ్య గురువారం భోజనాల వేళ పట్టుకొచ్చాడు, నేను మళ్లీ చదివాను, అన్నయ్య వెళ్లి అక్షరాలు మార్చాడు. ఒక్క తప్పూ అచ్చు కాలేదు. యజమానిగారు అందరిలో మెచ్చుకున్నారు. నాకు ఏడుపొస్తుందని తల దించుకున్నాను. ఆయన తల ఎత్తుకుని ఇంటికి వచ్చారు. అంతే చాలు. చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. ఉండనీ."

కోడలు చదవడం ఆపి, దేని గురించి మామయ్యా ఇది అంది. లేచి బల్ల సొరుగులోంచి ఎర్ర పెన్సిలు తీసి, నీకు రాసిన ఉత్తరమూ ఆ పెన్సిలూ దాని చేతిలో పెట్టాను. ఇందులో ఏం రాశానన్నది వదిలెయ్యి, తప్పులు చూడు అన్నాను. వయసొచ్చిన మామగారి రోత బుద్ధంతా కోడలి ముందు పరిచానంటే నా అవస్థ నువ్వే ఊహించుకో. అది అంతా చదివింది. పద్నాలుగు చోట్ల దిద్దింది. అరసున్నా అంత తప్పులు కావు బావా, కొత్తవాడు చేసినా నేను చెవి మెలిపెట్టేవి. పదకొండు సరిచేసింది. మిగతా మూడూ ఒకే తప్పట, చుట్టూ గీసి వదిలేసింది. 'అర్థం' అని మొదట ఒకచోట చుక్కతో సరిగ్గా రాశానట, పాఠం చెబుతున్నాను కాబట్టి. ఆ తర్వాత మూడు చోట్లా పొట్టలో చుక్క లేదట.

నాకు ఇప్పటికీ ఆ మూడింటిలో తేడా కనిపించడం లేదు. కళ్ల దగ్గర పెట్టుకుని చూశాను, దూరంగా పెట్టి చూశాను. అన్నీ ఒకలాగే ఉన్నాయి.

అచ్చుతప్పుల్ని లెక్కపెట్టిన పుస్తకం ముప్పై ఎనిమిదేళ్ల ప్రూఫురీడరు చేతికి వస్తే, అవి తప్పులని వాడికి తట్టలేదు. వాడు తప్పుచేస్తాడని వాడికి తోచదు కాబట్టి, తప్పంతా నీ చెల్లెలి మీద వెతికాడు. అర్ధాంగి అన్న మాటకి చుక్క ఉండదు, అది సగమే. ఆ సగం నా సగాన్ని ఆరేళ్లు దిద్దుతూ కూర్చుంది. నాకు తెలిస్తే బతకలేనని రాసింది. తెలిసింది. బతికే ఉన్నాను. ఆ ఒక్కటీ తప్పు రాసింది.

పొద్దున పదకొండు నుంచి ఏడుస్తున్నాను. కోడలు భయపడి మా అబ్బాయికి ఫోన్ చేయబోతే వద్దన్నాను. ఇది ఐదు నెలల కిందటిది, ఆలస్యంగా వచ్చింది అన్నాను.

ఈ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. తర్వాత మొదటి నుంచి చివరి దాకా అడ్డంగా కొట్టేశాను. మళ్లీ ఆలోచించి, కొట్టేసిన ప్రతి వరస కిందా చుక్కలు పెట్టాను. నీ గురించి నేనేమనుకున్నానో నీకు తెలియాలి. తెలిసీ వస్తే రా. తపాలాలో వేస్తే సోమవారం దాకా అందదు, కోడలి చేతే పంపిస్తున్నాను. వస్తే నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే పని నీదే. ఇవాళ గురువారం, టీకి రెండు గ్లాసులు కడిగి పెట్టాను.

నోటుబుక్కు మాత్రం అడగొద్దు బావా. నా దగ్గరే ఉండనీ.